రంగుకు అడ్డం పెట్టిన పటం

మొన్న ఒక ఆదివారం మా మనుమరాలు డాబా మీద కూర్చుని ప్లాస్టిక్ విమానానికి రంగు కొడుతోంది. బడిలో ఏదో ప్రదర్శన ఉందట. ముందర పసుపు టేపు, నీలం టేపు, చిన్న సీసాలో పాలలాంటి జిగురు ఒకటి పెట్టుకుంది. ఏది వాడాలో తేలక ఫోనులో వీడియోలు చూస్తోంది. నేను పక్కనే నీరెండకు కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను.

"నానమ్మా, గట్టిగ అంటుకునే టేపు పెడితే కింది రంగు ఊడొస్తది. మెత్తగ అంటుకునేది పెడితే అంచు కిందికెళ్లి రంగు దిగుతది. ఏం పెట్టాల్నో నువ్వే చెప్పు" అంది.

నన్ను ఆట పట్టించడానికి అన్న మాటే. ముసలిదానికి విమానం రంగుల సంగతి ఏం తెలుస్తుందని. కానీ నా చేతిలో చాట ఆగిపోయింది. ఈ రెండు ముక్కలే, ఇంచుమించు ఇదే వరుసలో, మా బాపు, అంటే మా నాన్న, నోట విన్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోందని, గుడ్డకూ కిరసనాయిలుకూ కరువొచ్చిందని పెద్దవాళ్లు చెప్పుకునే కాలం.

"నీళ్లతోటి తుడిస్తే పోయే జిగురు పెట్టు" అన్నాను.

పిల్ల కళ్లు పెద్దవి చేసి నా వైపు చూసింది. "నీకెట్ల తెలుసు?" అంది. చాట తీసుకుని కిందికి దిగాను. దానికి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు సిద్దిపేటలో నేతవాళ్లుండే సాలెవాడను ఆనుకుని ఉండేది. మేము నక్కాషీలం, బొమ్మలు రాసేవాళ్లం. ఒక్కో కులానికి ఒక్కో పుట్టుకథ ఉంటుంది. ఆ కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగి, పొడుగాటి పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, బొమ్మ బొమ్మకూ కర్ర ఆనించి పాడేవాళ్లు. ఆ పటాలు రాయడం మా ఇంటి పని. మా తాత పెద్ద చేయి. నేను పుట్టకముందే పోయాడు. అమ్మ కూడా నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇంట్లో నేను, బాపు, నాయినమ్మ, ముగ్గురమే.

మా ఇంటి వాసన ఇప్పటికీ ముక్కుకు తెలుసు. వేయించిన చింతగింజల వాసన. నాయినమ్మ వాటిని మంగలంలో వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, పెద్ద కుండలో బంకగా ఉడికించేది. వేయించేటప్పుడు గుప్పెడు గింజలు లంగాలో మూటకట్టుకుని పారిపోయి, రోజంతా బుగ్గన పెట్టుకుని చప్పరించేదాన్ని. పళ్లు రాలతాయని నాయినమ్మ తిట్టేది. ఆ బంకలో తెల్ల సుద్ద కలిపి ముతకగుడ్డకు పూత పూసేవాళ్లు. ఆరాక మళ్లీ పూత, మళ్లీ ఎండ. మూడు పూతలయ్యాక నున్నటి రాయితో రుద్దితే గుడ్డ తోలులా బిగుసుకునేది. దాని మీద నీళ్లచుక్క వేస్తే జారిపోయేది తప్ప లోపలికి ఇంకేది కాదు. అది పటం గుడ్డ.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు నంగునూరు వైపు నుంచి కథల తాత వచ్చాడు. ఆయన సాలెవాళ్లకు వాళ్ల కులపురాణం చెప్పేవాడు. భుజాన గొంగడిలో చుట్టిన పటం. ముప్పై మూరల పటం, మా తాత చేతిది. మడతల దగ్గర పీలికలైంది, అంచుల్లో రంగు రాలింది.

"కొడుకా, గిది జూసి కొత్తది రాసియ్యి. ఒక్క బొమ్మ తక్కువ గావద్దు. పంటలింటికొచ్చినంక మళ్ల ఊర్లు తిరగాలె" అన్నాడు బాపుతో.

"గుడ్డ దొరుకుతలేదు మామా. నూలే వస్తలేదట. మగ్గాలన్నీ ఊకెనే ఉన్నయి. దొరకంగనే మొదలుపెడత" అన్నాడు బాపు.

నిజమే. సాలెవాడలో మగ్గాల చప్పుడు ఆగిపోయి అప్పటికి కొన్ని నెలలైంది. చప్పుడు లేక మొదట్లో నాకు నిద్రపట్టేది కాదు.

కథల తాత మూడు రోజులు మా అరుగు మీద ఉన్నాడు. జొన్నరొట్టె పచ్చిపులుసులో ముంచుకుని తింటూ పటం కొంచెం కొంచెంగా విప్పి చూపేవాడు. ఎర్రటి నేల మీద పచ్చని, నల్లని మనుషులు, చేప కళ్ల ఆడవాళ్లు. ఒకచోట మగ్గం పక్కన ఒక చిన్నపిల్ల కూర్చుని నూలు కండెలు చుడుతూ ఉంటుంది. "గిది నువ్వే. నువ్వు పుట్టకముందే మీ తాత నిన్ను రాసిండు" అనేవాడు. నేను నమ్మాను. వెళ్లేటప్పుడు బాపు చేతిలో పటం పెట్టి, కొత్తది పూర్తయ్యాక పాతదాన్ని పూజ చేసి వాగులో కలుపుదామని, అప్పటిదాకా భద్రమని చెప్పి వెళ్లాడు. బాపు దాన్ని గొంగడిలో చుట్టి గోడ కొయ్యలకు తగిలించాడు.

తర్వాత పది పదిహేను రోజులకు మా ఇంటి ముందు సైకిలు ఆగింది. ఊళ్ల లెక్కలు చూసే గిర్దావర్ దిగాడు. ఖాకీ కోటు, చేతిలో గొడుగు, వెనక నెత్తిన పెట్టెతో ఒక నౌకరు. గిర్దావర్ ఎవరింటి ముందు ఆగినా ఆ ఇంట్లోవాళ్లు భయపడేవాళ్లు. బాపు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"నక్కాషీ, లడాయి ఫండు జల్సా ఉన్నది. జిల్లా నుంచి పెద్ద సాబు వస్తున్నడు. మన తాలూకా తరఫున హవాయి జహాజ్ బొమ్మ కావాలె. మనిషంత పొడుగు. పందిట్ల యాలాడగడ్తం" అన్నాడు.

జల్సా అంటే యుద్ధానికి చందాలు పోగుచేసే సభ. పత్రికలోంచి చింపిన విమానం బొమ్మ ఒకటి ఇచ్చాడు. పెట్టెలోంచి హైదరాబాదు నుంచి తెప్పించిన రంగు డబ్బాలు, టర్పంటు నూనె సీసా తీయించాడు. చివరికి దోమల మందు కొట్టే రేకు పిచికారీ తీసి బాపు చేతిలో పెట్టాడు.

"రంగు గీ పిచికారీతోనే కొట్టాలె. కుంచె గీత ఒక్కటి కనబడ్డా పనికి రాదు. మిషన్ల నుంచి దిగినట్టు ఉండాలె. సమజయిందా?"

"సాబ్, నాకు కుంచె తప్ప ఇంకోటి చేతకాదు."

"నేర్సుకో. సర్కారు పని" అని సైకిలెక్కాడు.

బాపు మొదట ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ, నిజం చెప్పాలంటే, పని మొదలుపెట్టాక ఆయనకు హుషారొచ్చింది. పొణికి కట్టె తెప్పించాడు. దూదిలా తేలికైన కట్టె అది. ఉలి తగిలితే వెన్నలా లేచేది. పత్రిక బొమ్మ ముందర పెట్టుకుని తోక, రెక్కలు, ముక్కు ఒక్కొక్కటే చెక్కి అతికించాడు. వానకు ఎక్కడికీ పోలేని ఆ రోజుల్లో ఇల్లంతా పొణికి పొట్టే. అన్నంలో కూడా పొట్టు వచ్చేది. అప్పుడప్పుడు మా ఊరి మీదుగా నిజం విమానాలు పోయేవి. నేనూ బాపూ వాకిట్లోకి పరుగెత్తి మెడలు ఎత్తి చూసేవాళ్లం. నాయినమ్మ మాత్రం లోపలి నుంచే తిట్టేది. "గవి మబ్బులను చీరుతున్నయి. అందుకే గిట్ల ఎడతెరిపి లేకుండ కారుతున్నది" అనేది.

పిచికారీ నాకు ఆటబొమ్మ అయింది. బాపు నీళ్లు పోసి కొట్టడం అలవాటు చేసుకుంటుంటే నేను చూసి నేర్చుకున్నాను. ఒకరోజు బాపు లేనప్పుడు అందులో నీలిమందు కలిపి పక్కింటివాళ్ల తెల్లకోడిని వెంటాడి కొట్టాను. ఆ కోడి పదిహేను రోజులు నీలం రంగుతో వాడంతా తిరిగింది. పక్కింటావిడ మా గుమ్మంలో నిలబడి మా ఏడు తరాలనూ తిట్టిపోసింది. బాపు తల వంచుకుని విని, ఆమె వెళ్లాక నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుని కూలబడ్డాడు. బాపు అలా నవ్వడం నాకు గుర్తున్నది అదే ఆఖరు.

అసలు చిక్కు రెండో రంగు దగ్గర మొదలైంది. విమానం పైభాగం మట్టిరంగు మీద ఆకుపచ్చ మచ్చలు, అడుగున లేత నీలం, రెక్కల మీద గుండ్రటి గుర్తులు. కుంచెతో అయితే ఏముంది, గీత గీసి నింపడమే. పిచికారీ రంగు మంచులా అంతటా పడుతుంది. వద్దన్న చోట పడకుండా ఏదో ఒకటి కప్పాలి. ఏది కప్పాలి?

మొదట కాగితం. పత్రికలు చింపి పిండిజిగురుతో అతికించాడు. టర్పంటు నూనె కాగితంలోంచి దిగి కింద మచ్చలు కట్టింది. పిండి ఆరి బిగుసుకుని, ఊడదీస్తే కింది రంగునూ, పొణికి పీచునూ పట్టుకొచ్చింది. బాపు ఆ చోటంతా గీకి మళ్లీ మట్టిరంగు కొట్టాడు. తర్వాత మోదుగాకులు. అంచులు లేచి కిందికి రంగు పోయింది. చెరువు నుంచి తామరాకులు తెచ్చాను. వాటి మీద రంగు నిలవలేదు, నిజమే. కానీ ఆకు కూడా రెక్క మీద నిలవలేదు. నాయినమ్మ మైనం తెచ్చి ఇచ్చింది. మైనం అంచు మాత్రం కత్తితో కోసినట్టు వచ్చింది. బాపు మురిసిపోయాడు. మైనం గీకేశాక ఆ జిడ్డు మీద తర్వాతి రంగు ఎక్కలేదు, ముత్యాలు ముత్యాలుగా ముడుచుకుంది. కుమ్మరి మట్టి పెడితే ఆరి బీటలు వేసింది.

అప్పుడే అన్నాడు బాపు, తలపట్టుకుని. "గట్టిగ అంటితే కింది రంగు గుంజుకొస్తది. మెత్తగ అంటితే రంగు లోపలికి వోతది. ఏం జెయ్యాలె?"

గిర్దావర్ రెండు రోజులకోసారి వచ్చిపోతున్నాడు. వచ్చినప్పుడల్లా జల్సాకు ఎన్ని రోజులుందో చెప్పి, కాలుతో పొట్టును తన్ని పోయేవాడు. నాకు మాత్రం కోటు జేబులోంచి ఒక పిప్పరమెంటు బిళ్ల తీసి ఇచ్చేవాడు. "హుషార్ పిల్లవు. జల్సాల నిన్ను ముంగట కూసోబెడత" అనేవాడు. నాకు ఆ మాట బిళ్లకన్నా తియ్యగా ఉండేది.

ఒక పొద్దున బాపుకు ఏదో తట్టింది. వెనకటి పటాలు కోయగా మిగిలిన అంచు ముక్కలు రెండు మూడు బట్టల పెట్టె అడుగున ఉన్నాయి. ఒక ముక్క తీసి, తోక మీద కావలసిన ఆకారానికి కోసి, వెనక పలచగా తుమ్మబంక రాసి అంటించాడు. పిచికారీ కొట్టాడు. ఆరాక తడిగుడ్డతో అద్ది మెల్లగా లేపాడు. కింది రంగు చెక్కుచెదరలేదు. అంచు వెంట్రుకంత కూడా జరగలేదు. తోక ఒకవైపు అచ్చం పత్రికలో బొమ్మలాగే ఉంది.

బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత ఆయన చూపు గోడ మీది గొంగడి చుట్ట మీదికి పోయింది, వెంటనే మళ్లింది. మిగిలిన ముక్కలతో తోక రెండోవైపు పూర్తిచేశాడు. ముక్కలు అయిపోయాయి.

ఆ సాయంత్రమే గిర్దావర్ వచ్చాడు. తోక చూసి ఆగిపోయాడు. వేలితో అంచు తడిమాడు.

"వాహ్! గిది ఎట్ల జేసినవ్?"

"ఏదో గుడ్డముక్క దొరికింది సాబ్. అయిపోయింది. కొత్తది జేసుకుందమంటే గీ వానల పూత ఆరదు. మిగిలిందంత కుంచెతోటి జేసిస్త. గీత కనబడకుండ జేస్త, నన్ను నమ్మున్రి" అన్నాడు బాపు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. గిర్దావర్ నా వైపు చూసి నవ్వాడు. నా కడుపులో నాకు తెలిసిన సంగతి ఉబికి వస్తోంది. నేను హుషారు పిల్లను కదా.

"గది పటం గుడ్డ సాబ్! దానికి చింతగింజల బంక పూస్తం. రంగు దిగదు. మా ఇంట్ల ఇంకా మస్తున్నది. గదిగో, ముప్పై మూరలు!" అని గోడ వైపు చెయ్యి చూపించాను.

బాపు నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. కోపం లేదు. దెబ్బ తగలబోతున్నవాడు చూసే చూపు అది.

"దింపు" అన్నాడు గిర్దావర్ నౌకరుతో.

"సాబ్, గది నాది గాదు. కథ చెప్పెటాయనది. నా దగ్గర పెట్టిపోయిండు. గది లేకుంటే ఆయనకు బతుకు లేదు సాబ్" అన్నాడు బాపు.

నౌకరు చుట్ట విప్పాడు. మూర మేర నేల మీద పరుచుకుంది. గిర్దావర్ చెప్పుకాలి కొసతో చిరిగిన మడత చూపించాడు.

"పాత గుడ్డ. చినిగిపోయింది. పాత పటాలు ఎట్లాగూ నీళ్లల్ల పారేసేవే గద? సర్కారు పనికన్న గిది ఎక్కువనా? రేపు పొద్దుమూకేవరకు రెక్కలు గావాలె. లేకుంటే నిన్నూ పటాన్నీ కలిపి తాలూకా కచేరికి తీస్కపోత" అని, పోతూ పోతూ నా చేతిలో బిళ్ల పెట్టాడు. ఆ బిళ్ల నేను తిన్నాను. తినలేదని రాయాలని ఉంది గానీ, తిన్నాను.

మర్నాడు పొద్దున బాపు పటాన్ని అరుగు మీద పరిచాడు. కత్తి నూరి పక్కన పెట్టుకున్నాడు. ఎంతసేపటికీ చెయ్యి లేవలేదు. నాయినమ్మ వచ్చి పటం అంచున కూర్చుంది. ఆ పటానికి రంగులు నూరింది ఆమే. పెళ్లయిన కొత్తలో, నెలల తరబడి.

"కొయ్యక తప్పదా?" అంది.

"తప్పదవ్వా."

ఆమె అంది, "మీ నాయిన కండ్లు ఆఖరుకు పెట్టేటోడు. కండ్లు పెట్టినంకనే బొమ్మకు పానం వస్తదని. గిప్పుడు నువ్వు పానంతోని కోస్తవా?"

బాపు లేచి సుద్ద కలుపుకొచ్చాడు. సన్నటి కుంచె తీసి, కోయవలసిన మేరలో ఉన్న ప్రతి బొమ్మకూ కళ్ల మీద తెల్లగా పూత పెట్టాడు. రాజుకూ, రుషికీ, గుర్రానికీ, మగ్గం దగ్గరి వాళ్లకూ. మధ్యాహ్నం దాకా పట్టింది. నౌకరు వచ్చి ఇంకా మొదలుపెట్టలేదా అని కేకలేసి పోయాడు. బాపు తల ఎత్తలేదు.

తర్వాత కోశాడు. నన్ను కొస పట్టుకోమన్నాడు. పటం గుడ్డ కోస్తుంటే వచ్చే చప్పుడు బట్ట చప్పుడులా ఉండదు. పచ్చితోలు కోసినట్టు కిర్రుమంటుంది. ఏ ముఖం మీదా కత్తి పడకుండా వంకలు తిప్పి కోశాడు. మచ్చలకు ముక్కలు, అడుగుకు పొడుగాటి పట్టీలు. రెక్కల గుండ్రాలకు వెడల్పు ముక్కలు కావలసి వచ్చాయి. రెండో గుండ్రం కోసినప్పుడు అందులో కండెలు చుట్టే పిల్ల వచ్చింది. కళ్లు మూసి ఉంది. బాపు దానికి వెనక బంక రాసి రెక్క మీద అంటించాడు. నేను గాలి బుడగలు లేకుండా అరచేత్తో ఒత్తాను. అది నా పని.

పిచికారీ చప్పుడు మొదలైంది. ఉస్సు, ఉస్సుమని. ఆకుపచ్చ మంచు రాజుల మీదా, గుర్రాల మీదా పడింది. ఆ పిల్ల మీద కూడా పడింది. ముందు పాదాలు పోయాయి, తర్వాత కండె, తర్వాత ముఖం. టర్పంటు వాసనకు నాకు వాంతి వచ్చింది. నాయినమ్మ లోపలికి పోయి పొయ్యి దగ్గర కూర్చుంది. ఆరోజు పొయ్యి వెలిగించలేదు.

పదకొండు మూరలు పోయాయి. పోయింది నడిమి భాగం. విమానం మాత్రం, ఒప్పుకోవాలి, చాలా బాగా వచ్చింది. కుంచె గీత ఒక్కటి లేదు.

జల్సా బతుకమ్మ పండుగకు ముందు జరిగింది. నన్ను ముందర కూర్చోబెట్టలేదు. గిర్దావర్ నన్ను చూసినట్టే లేదు. నేనూ బాపూ పందిరి తాడు బయట తుంపరలో నిలబడ్డాం. విమానం పందిట్లో మెల్లగా తిరుగుతూ వేలాడింది. జిల్లా నుంచి వచ్చిన పెద్ద సాబు చేతికర్రతో దాని రెక్కను ఒకసారి తట్టి "ఖూబ్" అన్నాడు. గిర్దావర్ మెడలో పూలదండ పడింది. మా వెనక నిలబడ్డవాళ్లు బాపు భుజం తట్టి "నువ్వే గద చేసింది? నిజం ఇమానమోలె ఉన్నది" అన్నారు. బాపు తల ఊపాడు. తర్వాత దాన్ని కచేరీ వరండాలో కట్టారు. చలికాలం వచ్చేసరికి పావురాలు దాని మీద గూడు పెట్టాయి. ఒక రెక్క వేలాడిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

దసరా వెళ్లాక కథల తాత వచ్చాడు. అరుగు మీద కూర్చోకముందే "గుడ్డ దొరికిందా కొడుకా?" అని అడిగాడు. బాపు లోపలికి పోయి, మిగిలిన పటం రెండు ముక్కలుగా తెచ్చి ఆయన ముందు పెట్టాడు. పక్కన కోసిన ముక్కల మూట పెట్టాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెప్పింది నేనని మాత్రం చెప్పలేదు. "గిర్దావర్ కండ్లవడ్డది మామా" అన్నాడు, అంతే. నేను తలుపు చాటు నుంచి విన్నాను.

తాత మూట విప్పాడు. ముక్కలన్నీ ఆకుపచ్చగా, నీలంగా బిగుసుకుపోయి ఎండిన ఆకుల్లా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి అరుగు మీద వరుసగా పేర్చడం మొదలుపెట్టాడు. ఏ ముక్క మీద ఏ బొమ్మ ఉందో రంగు కింద కనిపించదు. అంచుల వంకలు చూసి, వెనక గుడ్డ మరకలు చూసి గుర్తుపట్టాడు. ముప్పై ఏళ్లు విప్పి చుట్టిన చేతులు కదా. ఒక ముక్క తీసి గోరుతో ముఖం ఉండవలసిన చోట మెల్లగా గీకాడు. పచ్చ పెచ్చు లేచి కింద సుద్ద కనిపించింది.

"కండ్లు మూసినవా?" అన్నాడు.

"మూసిన మామా. అన్నింటికీ."

"ఊఁ" అన్నాడు తాత. ఆ ముక్కను వరుసలో పెట్టి, "మీ నాయిన కొడుకువే" అన్నాడు. అది మెప్పనుకోవాలో, నింద అనుకోవాలో ఇప్పటికీ నాకు తెలియదు.

బాపు ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, నువ్వు చెప్తూ ఉండు, నేను రాస్తాను, ఎక్కడ ఏ బొమ్మో నీకు తెలుసు కదా, గుడ్డ కోసం ఎక్కడికైనా పోతాను అన్నాడు. తాత తల ఊపాడు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి ముక్కలన్నీ తీసుకుని ఊరి బయటి వాగుకు పోయారు. నన్ను రానివ్వలేదు. నూనెరంగు పట్టిన ఆ గుడ్డ నీళ్లలో మునగలేదని, రాళ్లు కట్టి వేయవలసి వచ్చిందని నాయినమ్మకు బాపు చెబుతుంటే విన్నాను.

గుడ్డ దొరకలేదు. బాపు గజ్వేల్ పోయాడు, దౌల్తాబాద్ పోయాడు. పటానికి చాలినంత ముతకగుడ్డ ఎవరి దగ్గరా లేదు. తాత ఆ ఏడు నడుమ లేని పటంతోనే బయలుదేరాడు. మొదటి ఊళ్లోనే కులపెద్దలు "సగం పటంతోని కథ చెప్తే మాకు అరిష్టం" అని పంపించేశారట. రెండో ఊళ్లో పటం విప్పనే వద్దన్నారట. ఆ తర్వాత ఆయన సంగతి మాకు తెలియలేదు.

మరుసటి ఎండాకాలం నేనూ బాపూ బండి మీద గజ్వేల్ పోతున్నాం. దారి పక్కన రోడ్డు పనికి కంకర కొట్టేవాళ్లు వరుసగా కూర్చున్నారు. అందులో ఒకాయన సుత్తి దెబ్బకు దెబ్బకు మధ్య ఏదో రాగం తీస్తున్నాడు. ఆ రాగం నాకు తెలుసు. కండెల పిల్ల దగ్గర వచ్చే రాగం. బాపు బండి ఆపించి దిగిపోయాడు. నేను దిగలేదు. బండి అడుగున పరిచిన గడ్డిలో ముఖం దాచుకున్నాను.

"మంచిగున్నవా మామా?" బాపు గొంతు.

"ఉన్న కొడుకా. బువ్వకు ఎల్తుంది." సుత్తి ఆగింది. "చిన్నది ఏది? తోలుకరాలేదా?"

"ఇంటికాడున్నది మామా" అన్నాడు బాపు.

సుత్తి మళ్లీ మొదలైంది. బండి కదిలి చాలా దూరం పోయాక గానీ నేను తల ఎత్తలేదు. బాపు నా వైపు చూడకుండా నా వెంట్రుకల్లో చిక్కుకున్న గడ్డిపోచలు తీశాడు. ఆ విషయం గురించి ఆయన నాతో అప్పుడూ మాట్లాడలేదు, బతికి ఉన్నన్నాళ్లూ మాట్లాడలేదు. ఒక్క దెబ్బ వేసి ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయేదాన్ని. తాత ఆ వానాకాలంలోనే పోయాడని తర్వాత తెలిసింది.

గుడ్డ దొరికే రోజులు వచ్చేసరికి పటం అడిగేవాళ్లు తగ్గిపోయారు. సాలెవాళ్లు సగం మంది షోలాపూర్ మిల్లులకు వెళ్లిపోయారు. బాపును వెతుక్కుంటూ వచ్చినవాళ్లు విమానాలు అడిగారు. జాతరల్లో పిల్లలకు అమ్మడానికి చిన్న చిన్న విమానాలు. బాపు అవే చేశాడు. గిర్దావర్ ఆ పిచికారీ వెనక్కి అడగలేదు. ఆ విమానాలతోనే బాపు నన్ను పెంచాడు, పెళ్లి చేశాడు. ఊళ్లో ఆయన పేరు పోయి "ఇమానపాయన" మిగిలింది. ఆయన పోయిననాడు పాడె మోసినవాళ్లు కూడా "ఎసుంటి ఇమానం చేసిండు, సర్కారోళ్లే మెచ్చుకున్నరు" అని చెప్పుకున్నారు. ఏ శుభకార్యానికి పోయినా నన్ను ఇమానపాయన బిడ్డ అనే గుర్తుపట్టేవాళ్లు. అవునని తల ఊపేదాన్ని.

కొన్నేళ్ల కింద కాలేజీ పిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చారు. పాత పటాల మీద ఏదో రాస్తున్నారట. మా తాత పేరు ఎక్కడో విని వెతుక్కుంటూ వచ్చారు. ఆయన చేతి పటం ఒక్కటైనా ఉందా అని అడిగారు.

"లేదు బిడ్డా. ఒక్కటుండె. పాడైపోయింది" అన్నాను.

వాళ్లలో ఒక పిల్ల "అయ్యో" అని పుస్తకంలో రాసుకుంది. ఎలా పాడైందని అడుగుతుందేమోనని దాని ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను. అడగలేదు. చాయ్ తాగి వెళ్లిపోయారు. అడిగి ఉంటే చెప్పేదాన్నో, వానకు తడిసిందని ఇంకో అబద్ధం ఆడేదాన్నో, నాకే తెలియదు.